అనుభవం అన్న గడిలో

బ్రాడీపేటలో
ఏ ఆడిటరు దగ్గర చేశారని అడిగారు.
ఎవరి దగ్గరా చేయలేదండీ, అన్నాను.
ముగ్గురిలో ఒకాయన
షేక్ మస్తాన్‌బీ అన్న నా కాగితాన్ని తిరగేసి చూశాడు,
వెనకవైపు ఏమైనా ఉందేమోనని.

వెనక తెల్లగా ఉంది.
నిజానికి ఉన్నదంతా ఆ వెనకే.

పదకొండేళ్లు,
మిర్చియార్డులో చిట్టిప్రోలు వారి కమీషన్ కొట్టు.
మెట్లెక్కగానే కుడిపక్క నా బల్ల,
కీబోర్డు సందుల్లో ఎర్రటి నుసి.
మీట నొక్కితే ముందు తుమ్ము వచ్చేది,
ఆ తర్వాతే మొత్తం.

పేరిశాస్త్రి గారు నేర్పారు నాకు.
కంప్యూటరంటే ఆయనకి గిట్టదు.
అది కూడుతుందే గానీ అనుమానపడదమ్మాయ్, అనేవారు.
ఓ రాత్రి చిట్టాకీ గల్లాకీ రూపాయి తేడా.
నా పర్సులోంచి తీసి వేయబోతే
చేతి మీద స్కేలుతో ఒక్కటిచ్చారు.
తేడాకి కావలసింది డబ్బు కాదు, కారణం.
తొమ్మిదిన్నరకి దొరికింది,
ప్రత్తిపాడు రైతు తక్‌పట్టీ మడతలో
చెరిగిన ఎనిమిది ఏడై కూర్చుని ఉంది.
ఆఖరి బస్సు వెళ్లిపోయింది.
ఆయన సైకిల్ నడిపించుకుంటూ
లాలాపేట దాకా నా పక్కనే నడిచారు,
మాట్లాడకుండా.

ఏటా ఆడిట్ పిల్లలు వచ్చేవాళ్లు,
నా తమ్ముడి ఈడు వాళ్లు,
పచ్చ ఇంకుతో టిక్కులు కొట్టుకుంటూ.
టిక్కుకీ టిక్కీకీ తేడా
నేనే చెప్పాల్సి వచ్చేది.
తేజకి తరుగెంత, తాలుకాయకి ఎంత,
ఏసీలో ఎనిమిది నెలలు పడుకున్న బస్తా
లేచేసరికి ఎన్ని కిలోలు మరిచిపోతుందో
చెబుతుంటే రాసుకునేవాళ్లు.
వాళ్లలో ఇద్దరి పేర్ల ముందు
ఇప్పుడు సి.ఎ. అని ఉంది.
ఒకడు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు,
అక్కా, సస్పెన్స్‌లో నలభై వేలు తేలుతున్నాయి,
ఏం చెయ్యను?

సస్పెన్స్ ఖాతా అంటే
ఎవరిదో తేలని సొమ్ముని
తేలేదాకా కూర్చోబెట్టే చోటు.
పేరిశాస్త్రి గారు దాన్ని సత్రం అనేవారు.
ఏ లెక్కా సత్రంలో ఏడాది దాటకూడదు.
నేను పదకొండు దాటాను.

(సి.ఎం.ఎ. ఇంటర్ ఒక గ్రూపు గట్టెక్కింది.
రెండోది ఏడు మార్కులకి ఆగింది.
మళ్లీ కడతాను ఫీజు,
ఈ సంగతి వాళ్లకి చెప్పలేదు.)

ఏటుకూరు రోడ్డులో వాళ్ల కోల్డ్ స్టోరేజీ.
ఒకాయన అడిగాడు,
మూడో చాంబర్లో నలభై రెండు టిక్కీలు
పుస్తకంలో ఉన్నాయి, లోపల లేవు.
ఏమని రాస్తారు?

అప్పుడే ఏమీ రాయనండీ.
ఓ స్వెట్టర్ ఇప్పించండి,
లోపలికెళ్లి లెక్కపెట్టుకొస్తాను.

ఇద్దరు నవ్వారు.
కాగితం తిరగేసినాయన నవ్వలేదు,
పెన్ను మూత తీశాడు.

తర్వాత ఒక ఫారం ఇచ్చారు,
చివరి గడి: ఆశించే జీతం.
ఎందరి అంకెలు వేశానో ఈ చేత్తో,
ఎన్ని లారీల కాయకి, ఎన్ని కుటుంబాల బాకీకి.
నా అంకె దగ్గరికొచ్చేసరికి
వేళ్లకి చెమట పట్టింది.
ఇప్పుడు వస్తున్నది పద్దెనిమిదిన్నర,
దీపావళికి ఐదొందలు పెంచుతామంటారు,
ఒక్కోసారి పెంచుతారు కూడా.

ముప్పై రెండు వేల రూపాయలు మాత్రమే,
అని రాశాను,
అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.
పక్కన మరో సున్నా దూరకుండా
అడ్డగీత కూడా లాగాను, అలవాటు కొద్దీ.

లాడ్జి సెంటర్లో ఆటో దిగి
చిల్లర లెక్కపెట్టుకుంటుంటే తట్టింది,
ఆ మాత్రమే
ఎవరు రాయమన్నారు నన్ను?